‘ఇది మీకొద్దు’ అనే కొట్టు

అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే మాటలు తిరిగి తిరిగి మూడు చోట్లకే వస్తాయి. వీసాలు, ఇళ్ళ రేట్లు, డీల్సు. మొదటి రెండూ మన చేతిలో లేవు కాబట్టి కాసేపు నిట్టూర్చి వదిలేస్తాం. మూడోది మాత్రం పెరుగన్నం తిన్నాక కూడా సాగుతూనే ఉంటుంది. "ఆ మిక్సీ ఎంతకి కొన్నారు? అరెరే, నన్నొక్క మాట అడగాల్సింది. ఆన్‌లైన్లో ఇరవై డాలర్లు తక్కువకి దొరుకుతోంది" అని ఎవరో ఒకరు అనకుండా ముగిసిన పుట్టినరోజు పార్టీ నేనింతవరకు చూళ్ళేదు. ఆ మాట విన్నాక మిక్సీ కొన్నాయన మొహం చూడాలి మీరు! ఇక అది ఎంత మెత్తగా రుబ్బినా దాని మీద ఆయనకి మనసు రాదు పాపం.

ఆన్‌లైన్లో కొనడం మంచిదా, షాపుకెళ్ళి కొనడం మంచిదా అనే వాదన ఎప్పుడూ ఈ ఇరవై డాలర్ల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. మహా అయితే పోనురాను టైము, పెట్రోలు కలుపుతారు. పదేళ్ళ పైబడి కంప్యూటర్ల ఉప్పు తింటున్నవాణ్ణి కాబట్టి నేను ఎటువైపో ఎవరూ అడగను కూడా అడగరు. అయితే ఈ లెక్కలో ఒక పద్దు రాయకుండా వదిలేస్తున్నాం అని నాకనిపిస్తుంది. అది మా అమ్మ చెప్పుల పుణ్యమా అని పోయినేడాది బాగా స్పష్టమైంది. ఆ కథ చెప్పేముందు ఆన్‌లైన్‌కి దక్కాల్సిన మర్యాద దక్కాలి కదా. అది చూద్దాం.

ఎమ్మెస్ అయ్యాక నా మొదటి ప్రాజెక్టు నెబ్రాస్కాలో ఒక చిన్న ఊళ్ళో. ఎటు చూసినా మొక్కజొన్న చేలు. ఇండియన్ షాపుకి రెండు గంటల డ్రైవు. జనవరిలో మంచు పడితే అదీ లేదు. ఆ చలికాలం నన్ను బతికించింది కందిపప్పు, చింతపండు, కారం ఉన్న అట్టపెట్టెని గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయే పార్సిల్ బండే. ఆ బండి చప్పుడు వినపడితే చిన్నప్పుడు ఐసుబండి గంట విన్నంత సంబరంగా ఉండేది.

ఇంకొకటి. తెనాలిలో మా నాన్నగారి బీపీ మిషను పాడైందని ఓ రోజు ఫోన్లో తెలిసింది. ఇక్కడ న్యూజెర్సీలో పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూనే అక్కడికి ఆర్డరిచ్చాను. రెండో రోజు సాయంత్రానికి ఆయన చేతిలో ఉంది. డెలివరీ కుర్రాడికి ఓటీపీ చెప్పి, ఆ అబ్బాయి చేతే బ్యాటరీలు వేయించుకుని, మంచినీళ్ళిచ్చి మరీ పంపారట. అంత దూరాన ఉన్న కొడుకు చెయ్యగలిగిన పనులు బహు తక్కువ. ఉన్న ఆ కాసిన్నిట్లో ఇదొకటి. ఎడిసన్‌లో ఏ షాపువాడూ నాకు ఈ సాయం చెయ్యలేడు. కాబట్టి ఆన్‌లైన్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు.

పైగా ఇదేదో నిన్న మొన్న పుట్టిన వింత అనుకోవడానికీ లేదు. ఈ దేశంలో ఇంట్లో కూర్చుని సరుకు తెప్పించుకోవడం తాతలనాటి అలవాటు. 1896లో పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలు అందించడం మొదలెట్టారు. 1913 నుంచి పోస్టులో పార్సిళ్ళు కూడా వచ్చాయి. సియర్స్ వాళ్ళ లావుపాటి కేటలాగు చూసి రైతులు బట్టలు, కుట్టుమిషన్లు తెప్పించుకునేవాళ్ళు. అంతెందుకు, 1908 నుంచి 1940 దాకా సియర్స్ వాళ్ళు ఇంటికి కావాల్సిన చెక్కలు, మేకులతో సహా మొత్తం ఇల్లే కేటలాగులో అమ్మారు! తమాషా ఏమిటంటే, ఇక లాభం లేదని సియర్స్ ఆ పెద్ద కేటలాగు ఆపేసింది 1993లో. అమెజాన్ పుట్టింది ఆ మరుసటేడు.

ధర సంగతీ చూద్దాం. ఒకప్పుడు ఆన్‌లైన్ చవకవడానికి పెద్ద కారణం సేల్స్ టాక్సు. మన రాష్ట్రంలో షాపో గిడ్డంగో లేని వ్యాపారి చేత ఆ రాష్ట్రం టాక్సు వసూలు చేయించకూడదని 1992లో క్విల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 జూన్‌లో వేఫేర్ కేసులో అదే కోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టేసింది. ఇప్పుడు న్యూజెర్సీలో టీవీ ఎక్కడ కొన్నా 6.625 శాతం కట్టాల్సిందే. ఇక ‘ఉచిత’ డెలివరీ అంటారా? అమెజాన్ ప్రైమ్ 2005లో మొదలైనప్పుడు ఏడాదికి 79 డాలర్లు. 2022 నుంచి 139. ఏడాది మొదట్లోనే డబ్బు కట్టేశాం కాబట్టి, ఆ కట్టింది గిట్టుబాటవ్వాలని ఇంకో నాలుగు కొంటాం. పెళ్ళిలో చదివింపులు ఇచ్చాం కదా అని రెండో గారె అడిగినట్టన్నమాట.

అయినా సరే, చాలా వస్తువులకి ఆన్‌లైన్ ఇప్పటికీ చవకే. ఒప్పుకుందాం. మరి వదిలేసిన పద్దు ఏమిటంటారా? దానికి కాస్త మా ఊరు వెళ్ళాలి.

చిన్నప్పుడు తెనాలిలో నెల సరుకుల చీటీ పట్టుకుని శెట్టిగారి కొట్టుకి వెళ్ళడం నా పని. అక్కడ మనం ఏదీ ముట్టుకోం. చీటీ ఇస్తాం, ఆయన చదువుతారు, లోపల కుర్రాడు తూచి పొట్లాలు కట్టి పురికొస చుడతాడు. ఖాతా పుస్తకంలో రాసుకుంటారు. ఒక్కోసారి చీటీ చదువుతూ చదువుతూ ఆగి, "బాబూ, కందిపప్పు ఈ వారం వద్దని చెప్పానని అమ్మగారితో చెప్పు. పాత సరుకు. సోమవారం కొత్త బస్తా విప్పుతా, అప్పుడు రా" అనేవారు. అమ్మకానికి పెట్టుకున్న సరుకునే వద్దనేవారు! నాకప్పుడు అది వింతగా కూడా అనిపించలేదు. కొట్టు అంటే అలాగే ఉంటుంది అనుకున్నా.

అమెరికాలో కూడా ఒకప్పుడు అన్నీ శెట్టిగారి కొట్లే. జనం బల్లకి ఇవతల నుంచుని అడిగేవాళ్ళు, గుమాస్తా లోపల్నుంచి తెచ్చిచ్చేవాడు. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని ఒక షాపు తెరిచి, జనాన్నే లోపలికొచ్చి తీసుకోమన్నాడు. 1937లో ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే ఇంకో షాపు యజమాని బుట్టకి చక్రాలు పెట్టాడు. బుట్ట మొయ్యక్కర్లేకపోయేసరికి జనం ఎక్కువ కొన్నారు. గుమాస్తా ఖర్చు తగ్గింది, ధర తగ్గింది. దాంతోపాటే చీటీ చదువుతూ ఆగి "వద్దు" అనే మనిషి కూడా మెల్లిగా తప్పుకున్నాడు.

ఆలోచిస్తే, ఆన్‌లైన్ మళ్ళీ శెట్టిగారి పద్ధతికే వచ్చింది. మనం చీటీ ఇస్తాం, మనకి కనపడని మనిషెవరో ఎక్కడో గిడ్డంగిలో తిరిగి సరుకు తీసి కట్టి పంపిస్తాడు. మన ఖాతా కూడా వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుంది, శెట్టిగారి దగ్గర కన్నా వివరంగా! కాకపోతే చీటీ చదివి ఆగేవాళ్ళే లేరు.

ఇప్పుడు అమ్మ చెప్పుల దగ్గరికొద్దాం. పోయినేడాది అమ్మ ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. మొదటి నెల రోజూ పొద్దున్నే పార్కు దాకా నడిచేది. అక్కడ ఇంకో ముగ్గురు తెలుగు అమ్మలు కలుస్తారు. బెంచీ మీద కూర్చుని కోడళ్ళ సంగతుల నుంచి కాకరకాయల దాకా మాట్లాడుకుని వచ్చేవాళ్ళు. ఇక్కడికొచ్చే పెద్దవాళ్ళకి ఆ గంట ఎంత అవసరమో అమ్మానాన్నల్ని పిలిపించుకున్న మీకు నేను చెప్పక్కర్లేదు. డ్రైవింగ్ రాదు, టీవీ వాళ్ళది కాదు, మనం పొద్దస్తమానం మీటింగుల్లో ఉంటాం. తర్వాత ఎందుకో అమ్మ వెళ్ళడం తగ్గించింది. అడిగితే "చలిగా ఉందిరా" అనేది. సెప్టెంబర్లో చలేమిటి? మా ఆవిడ మెల్లిగా కూపీ లాగితే అసలు సంగతి బయటపడింది. బూట్లు నొక్కుతున్నాయి, మోకాలు లాగుతోంది. కొత్తవి కొంటామంటే డబ్బు దండగని చెప్పలేదట.

సరే, ఆన్‌లైన్లో తెప్పించాం. సైజు పట్టిక పాదం పొడవు అడిగింది, కొలిచి చెప్పాం. ఏడు వచ్చింది, వేళ్ళు నొక్కింది. ఏడున్నర తెప్పించాం, మళ్ళీ నొక్కింది. ఎనిమిది తెప్పిస్తే మడమ జారిపోతోంది. మూడింటికీ డబ్బులు వెనక్కిచ్చారు, ఆ విషయంలో వంక పెట్టేదేం లేదు. కానీ ఈ రాకపోకల్లో మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ అమ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. ఆర్నెల్ల కోసం వచ్చిన మనిషికి మూడు వారాలంటే తక్కువేం కాదు.

ఆ శనివారం మా ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న పాత చెప్పుల షాపుకి తీసుకెళ్ళాను. డెబ్బై దాటిన పెద్దాయన నడుపుతున్నాడు. తండ్రి పెట్టిన కొట్టట. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక ఇనప కొలబద్ద లాంటిది తెచ్చి కింద పెట్టాడు. దాన్ని బ్రానక్ డివైస్ అంటారు. 1920లలో సిరక్యూస్‌లో ఒక చెప్పుల వ్యాపారి కొడుకు తయారుచేసిన పరికరం, ఇప్పటికీ అదే వాడుతున్నారు. అమ్మని దాని మీద నుంచోమన్నాడు. కూర్చుంటే ఒక కొలత, బరువు పడితే ఇంకో కొలతట. ఆయన ఇంగ్లీషు అమ్మకి రాదు, అమ్మ తెలుగు ఆయనకి రాదు. అయినా "ఇక్కడా?" "ఆఁ, అక్కడే" అని ఇద్దరూ బ్రహ్మాండంగా మాట్లాడేసుకున్నారు. నా అనువాదం ఎవరికీ పట్టలేదు.

రెండు నిమిషాల్లో తేల్చాడు. జన్మంతా హవాయి చెప్పులేసుకున్న పాదం కదా, ముందు వైపు బాగా వెడల్పు. చాలనిది వెడల్పు. పొడవెంత పెంచినా లాభం లేదు. పైగా ఎడమ పాదం కుడిదానికన్నా అర సైజు పెద్దది. ఆడవాళ్ళ బూట్లలో మామూలు వెడల్పు ‘బి’ అయితే వెడల్పాటివి ‘డి’ అని అమ్ముతారట. నేను గోడ మీద 140 డాలర్ల జత ఒకటి చూపించాను. అడుగు మెత్తగా, దూదిలా ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది ఆవిడకొద్దు. మరీ మెత్తటి అడుగు మీద పెద్దవాళ్ళు తూలతారు. మోకాలు నొప్పి ఉన్నప్పుడు అసలొద్దు" అని 95 డాలర్ల జత తెచ్చాడు. అమ్మ వేసుకుని షాపంతా రెండు సార్లు తిరిగొచ్చింది. నా వైపు చూసి, "ఈయనెవరో మన శెట్టిగారిలా ఉన్నాడురా" అంది.

ఈలోపు నా జేబులో ఫోను. బూట్ల ఫొటో చూసిన మా ఫ్రెండు మెసేజి పెట్టాడు. "మోడల్ నంబర్ చూసుకుని వచ్చెయ్యరా. ఇదే జత, ఇదే వెడల్పు, ఇక్కడ 77కి ఉంది." న్యూజెర్సీలో చెప్పులకి సేల్స్ టాక్సు లేదు కాబట్టి లెక్క సూటిగానే ఉంది. 18 డాలర్ల తేడా.

ఇలా షాపులో చూసుకుని ఆన్‌లైన్లో కొనడాన్ని షోరూమింగ్ అంటారు. చట్టం ప్రకారం తప్పేం లేదు. వాడు చెప్పిన లెక్కా తప్పు కాదు. నేను ఆలోచించింది వేరే. ఈ పెద్దాయన పాతిక నిమిషాలు కూర్చున్నాడు. నాలుగు పెట్టెలు విప్పాడు. ఖరీదైనది వద్దన్నాడు. దేనికీ బిల్లు వెయ్యలేదు. వెయ్యలేడు కూడా, "కొలిచినందుకు పద్దెనిమిది డాలర్లు" అంటే ఎవరిస్తారు? అందుకని సలహా ఖరీదుని చెప్పుల ఖరీదులో కలుపుతాడు. సలహా ఆయన దగ్గర తీసుకుని చెప్పులు ఇంకోచోట కొంటే, భోజనం ఒకరి ఇంట్లో చేసి తాంబూలం ఇంకొకరి చేతిలో పెట్టినట్టే. 95 ఇచ్చి తీసుకున్నాను. అందులో 77 చెప్పులకి, 18 ‘వద్దు’ అన్నందుకు అని నా లెక్కలో రాసుకున్నా. మూడు వారాల్లో దొరకనిది పాతిక నిమిషాల్లో దొరికింది, ఇంతకన్నా చవక బేరం ఉంటుందా చెప్పండి?

ఇక్కడ మా వృత్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేనూ ఒకటి రెండు అమ్మకాల వెబ్‌సైట్ల ప్రాజెక్టుల్లో పనిచేశాను. అక్కడ మేం కొలిచేది ఒకటే. వచ్చినవాళ్ళలో ఎంతమంది కొన్నారు? కొనకుండా వెళ్ళిపోయినవాడు మా లెక్కలో పారిపోయిన చేప. వాడికి అది నిజంగా అక్కర్లేదేమో అనే గడి మా పట్టికలో ఉండదు. 1999లో అమెజాన్‌కి ఒక్క క్లిక్కుతో కొనే పద్ధతి మీద పేటెంట్ వచ్చింది. 2017 దాకా అది వాళ్ళ సొత్తే, యాపిల్ కూడా లైసెన్సు తీసుకుని వాడుకుంది. ‘కావాలి’ అనుకోవడానికీ ‘కొన్నాను’ అనడానికీ మధ్య ఉన్న కాస్త వ్యవధిని చెరిపెయ్యడానికి అంత గిరాకీ అన్నమాట! శెట్టిగారి ‘వద్దు’ ఉండేది సరిగ్గా ఆ వ్యవధిలోనే.

అలాగని షాపులన్నీ ధర్మసత్రాలు కావు. పాలు కొనడానికొచ్చినవాడు షాపంతా దాటి వెళ్ళాలని పాలు వెనక గోడకి పెట్టే సూపర్‌మార్కెట్లు లేవూ? టీవీ కొంటే వారంటీ అంటగట్టేదాకా వదలని సేల్స్‌మన్లు లేరూ? ఇటు ఆన్‌లైన్లో కూడా ‘వద్దు’ పూర్తిగా లేదనలేం. ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టిపోసే కస్టమర్లు చేసేది ఆ పనే. దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ ఎఫ్‌టీసీ 2024లో నిబంధన తెచ్చింది. 2023లో అమెజాన్ కొన్ని వస్తువుల మీద ‘ఇది తరచుగా వెనక్కి వస్తోంది’ అని రాయడం మొదలెట్టింది. మంచిదే. కానీ అది అందరి సగటు. మా అమ్మ ఎడమ పాదం సంగతి సగటుకి తెలీదు.

శెట్టిగారు వద్దన్నది దానం కాదు, అది కూడా వ్యాపారమే. ఈ నెల కందిపప్పు పోతే పోయింది, ముప్ఫై ఏళ్ళ ఖాతా నిలవాలి. రేపు మళ్ళీ అదే వీధిలో అదే మనిషి మొహం చూడాలి. అమెజాన్‌లో అమ్ముడయ్యే వస్తువుల్లో సగానికి పైగా బయటి వ్యాపారులవే. వాళ్ళు మన మొహం ఎప్పటికీ చూడరు. మళ్ళీ కలవనివాడికి ‘వద్దు’ అనే అవసరం ఏముంటుంది?

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏం కావాలో పేరుతో సహా తెలిస్తే ఆన్‌లైన్. ప్రింటర్ ఇంకు, ఫోను ఛార్జరు, పిల్లాడి నోటు పుస్తకాలు, తెనాలికి బీపీ మిషన్లు. ఏం అడగాలో కూడా తెలియనివి షాపులో. చెప్పులు, కళ్ళజోళ్ళు, కారుతున్న కుళాయి. ఇక మూడోది కాస్త కష్టమైన నియమం. ఎవరిని అడిగామో వాళ్ళ దగ్గరే కొనాలి, తేడా కొంచెమైతే నోరెత్తకుండా. మరీ ఎక్కువైతే ఆ మాట ఆయనతోనే చెప్పాలి. తగ్గిస్తాడో లేదో తర్వాతి సంగతి, అడగడం మర్యాద.

ప్రభుత్వం లెక్క ప్రకారం 2024లో ఈ దేశపు చిల్లర అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా దాదాపు 16 శాతమే. కార్లు, పెట్రోలు కూడా కలిపిన లెక్క అది. "ఇంకా 84 ఉందిగా, షాపులకేం భయం?" అనిపిస్తుంది. కానీ ఒక చిన్న కొట్టు మూతపడడానికి అందరూ మానెయ్యక్కర్లేదు. వందలో పదిహేను మంది మానేస్తే చాలు, ఆ పదిహేను మంది డబ్బే నెలాఖరుకి ఆయనకి మిగిలేది. నేను ఎమ్మెస్‌కి వచ్చిన 2011లోనే బోర్డర్స్ పుస్తకాల షాపులు దేశమంతా మూతపడ్డాయి. అంతంత పెద్దవాళ్ళకే దిక్కులేనప్పుడు మెయిన్ స్ట్రీట్‌లో ఒక పెద్దాయన ఎంత?

అమ్మ మిగిలిన నెలలన్నీ పార్కుకి నడిచింది. వెళ్ళేటప్పుడు ఆ బూట్లు పెట్టెలో పెట్టుకోలేదు, కాళ్ళకే వేసుకుని విమానం ఎక్కింది. వచ్చే వేసవికి నాన్నగారిని కూడా తీసుకొస్తానంటోంది. మొన్న అటుగా వెళ్తూ షాపులోకి తొంగిచూసి ఎలా ఉన్నారని అడిగితే, లీజు వచ్చే డిసెంబర్‌తో అయిపోతుంది, పొడిగించాలో వద్దో ఆలోచిస్తున్నానన్నాడు పెద్దాయన. నాన్నగారివి చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి కాస్త వంకర తిరిగిన పాదాలు. ఏ సైజు పట్టికకీ లొంగవు. డిసెంబర్‌లోపే వస్తున్నారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత కొలవాల్సిన పాదాలు మీ ఇళ్ళల్లో కూడా ఉంటాయి కదా, మీ ఊళ్ళో అలాంటి కొట్టు ఇంకా తెరిచి ఉందేమో ఒకసారి చూసి రండి.